శిక్ష నుంచి శిక్షణకు: అండమాన్ నికోబార్ ఉన్నత పాఠశాలల్లో సత్ప్రవర్తన సంస్కృతి, వినయపిటకం చూపే దారి

తెలుగు వాడుకలో ‘శిక్ష’ అంటే దండన. సంస్కృతంలోనూ పాలిలోనూ ఈ మాటకు మూలార్థం నేర్చుకోవడం, అభ్యసించడం. బౌద్ధ వాఙ్మయంలో ‘సిక్ఖాపదం’ నేరాల పట్టికలోని అంశం కాదు, సాధనలో ఒక మెట్టు. ‘వినయం’ సంగతీ ఇటువంటిదే. తెలుగులో అది అణకువ అనే గుణంగా స్థిరపడింది. పాలిలో నడవడిని తీర్చిదిద్దే సమగ్ర విధానానికి పేరయింది. నేర్పడాన్ని సూచించే మాట కాలక్రమంలో కొట్టడాన్ని సూచించే మాటగా ఎలా మారిందో భాషా చరిత్రకారులు చెప్పాలి. ఆ మాటను దాని మొదటి అర్థానికి మళ్ళించవలసిన బాధ్యత మాత్రం నేడు పాఠశాలలను నడిపే ప్రధానోపాధ్యాయులపై ఉంది.

బౌద్ధ సంఘం తొలినాళ్ళ నుంచి కౌమారంలో ఉన్న బాలురను చేర్చుకుని, కలిసి బతకడం నేర్పిన సంస్థ. సామణేరులు ఎదిరించినప్పుడు, భిక్షువులు వర్గాలుగా చీలినప్పుడు, నిందలు పుట్టినప్పుడు ఏం చేయాలో వినయపిటకం ఉదంతాలతో సహా నమోదు చేసింది. ఆ అనుభవం ఉన్నత పాఠశాలల్లో సత్ప్రవర్తన సంస్కృతిని నెలకొల్పడానికి ఏ మేరకు ఉపకరిస్తుందో, అండమాన్ నికోబార్ దీవుల పరిస్థితిని ఆధారం చేసుకుని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

దీవిలో బడి

బంగాళాఖాతంలో ఉత్తర దక్షిణాలుగా బారులు తీరిన ఈ ద్వీపసముదాయంలో జనావాసాలున్నవి మూడు పదులకు కాస్త పైన మాత్రమే. 2011 జనగణన ప్రకారం జనాభా సుమారు 3.8 లక్షలు. బెంగాలీ, హిందీ, తమిళం, తెలుగు, నికోబారీ భాషలవారు ఇరుగుపొరుగుగా జీవిస్తున్నారు. తెలుగు మాతృభాషగా ఉన్నవారు ఆ లెక్కల్లో 13 శాతం పైచిలుకు. ఉత్తరాంధ్ర తీరం నుంచి వలస వెళ్ళిన మత్స్యకార కుటుంబాలు వీరిలో గణనీయంగా ఉన్నాయి. దేశ విభజన తరువాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడిన శరణార్థులు, ఛోటా నాగపూర్ నుంచి అడవి పనులకు వచ్చిన ‘రాంచీ’ కుటుంబాలు, బర్మా నుంచి వచ్చిన కరెన్లు, ఒకప్పటి ఖైదీల సంతతివారు, నికోబారీ ఆదివాసులు, వీరందరి పిల్లలూ ఒకే బడిలో కూర్చుంటారు. ప్రభుత్వ పాఠశాలలు కేంద్రీయ మాధ్యమిక విద్యా మండలికి అనుబంధంగా ఉన్నాయి. ఆంగ్లం, హిందీతో పాటు బెంగాలీ, తమిళం, తెలుగు మాధ్యమాలలోనూ బోధన జరుగుతున్నది.

ప్రవర్తనకు సంబంధించిన చర్చలో ఇక్కడి భూగోళానికే ఒక తీర్పరి స్థానం ఉంది. ప్రధాన భూభాగంలోని పట్టణంలో ఒక విద్యార్థికి టీసీ చేతిలో పెట్టి పంపితే, ఆ బాలుడు రెండు వీధుల అవతలి బడిలో చేరగలడు. చిన్న దీవిలో ఉన్నత పాఠశాల ఒక్కటే ఉంటుంది. అక్కడి నుంచి వెళ్ళగొట్టడమంటే ఓడ ఎక్కి మరో దీవికి పొమ్మనడం, లేదా చదువు మానుకొమ్మనడం. చాలా కుటుంబాలకు మొదటిది సాధ్యం కాదు. కాబట్టి ఇక్కడి ప్రధానోపాధ్యాయుని ఎదుట ఉన్న ప్రశ్న ‘ఈ పిల్లవాణ్ణి ఉంచాలా, పంపాలా’ అనేది కాదు. ‘ఇతనితో, ఇతడు నొప్పించిన వారితో, ఇదే ఆవరణలో కలిసి బతకడం ఎట్లా’ అనేదే అసలు ప్రశ్న. వర్షావాసంలో ఒకే ఆరామంలో మూడు నెలలు కలిసి గడపవలసిన భిక్షువుల ముందున్న ప్రశ్న కూడా ఇదే.

దండనకు పేరుపడిన చోట

ఈ దీవుల ఆధునిక చరిత్ర దండనతో మొదలయింది. 1857 తిరుగుబాటు అణచివేత తరువాత, 1858లో బ్రిటిష్ ప్రభుత్వం ఇక్కడ ప్రవాస శిక్షా స్థావరాన్ని నెలకొల్పింది. 1896లో ప్రారంభమై 1906లో పూర్తయిన సెల్యులర్ జైలు ఆ వ్యవస్థకు పరాకాష్ఠ. మధ్యలో ఒక బురుజు, దాని చుట్టూ ఏడు బారులు, ప్రతి ఖైదీకీ వేరుగా ఒక గది. ఒక బారులోని గదులు పక్క బారు వీపును మాత్రమే చూసేటట్లు కట్టారు. ఒకరితో ఒకరు మాట్లాడకుండా చేయడం, బురుజు మీది కాపలావాడు అందరినీ కనిపెట్టి ఉండడం ఆ నిర్మాణపు ఆశయం.

అయితే 1933లో రాజకీయ ఖైదీలు చేసిన నిరాహార దీక్ష తరువాత పుస్తకాలు, దీపాలు వంటి సౌకర్యాలు లభించినప్పుడు, అదే జైలులో ఖైదీలు తమంతట తాము తరగతులు ఏర్పరచుకుని చదువుకున్నారు. బురుజు నీడ తేలేని క్రమశిక్షణను కలిసి చదవడం తెచ్చింది. నిఘా నడవడిని అదుపు చేయగలదు, నిర్మించలేదు. కాపలా కన్ను పక్కకు తిరగగానే ఆ అదుపు కరిగిపోతుంది. నడవాలో నిఘా కెమెరా పెట్టి ప్రవర్తన సమస్య తీరిందనుకునే పాఠశాలకు ఇది గుర్తుండవలసిన పాఠం.

దండన గురించి తెలుగు నేలతో ముడిపడిన ఆచార్యుడొకరు చెప్పిన మాట ఇక్కడ ప్రస్తావించదగినది. సాతవాహన రాజును ఉద్దేశించి రచించినట్లు సంప్రదాయం చెప్పే ‘రత్నావళి’లో ఆచార్య నాగార్జునుడు, అయోగ్యుడైన కొడుకును యోగ్యుణ్ణి చేయాలనే కోరికతో తండ్రి మందలించినట్లే రాజు కరుణతో దండించాలని, ద్వేషంతోనో ధనాశతోనో దండించరాదని బోధించాడు. ఖైదీలు విడుదలయ్యేలోగా వారికి అన్నపానాలు, వైద్యం, వస్త్రాలు, క్షురకర్మ, స్నానం అమర్చాలన్నాడు. తప్పు చేసినవాడు కూడా రాజు రక్షణలోనే ఉన్నాడన్నది ఆయన దృష్టి. తప్పు చేసిన విద్యార్థి కూడా పాఠశాల రక్షణలోనే ఉన్నాడన్నది దానికి సరితూగే సూత్రం.

ఈ జలమార్గాన ఇత్సింగ్

2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం పోర్ట్‌బ్లెయిర్‌కు శ్రీ విజయ పురం అని పేరు మార్చింది. స్వాతంత్ర్య పోరాట విజయాన్ని స్మరించే పేరుగా ప్రభుత్వం దీన్ని వివరించింది. బౌద్ధ చరిత్ర చదివినవారికి మాత్రం ఆ పేరు వినగానే సుమత్రాలో వెలసిన శ్రీవిజయం స్ఫురించక మానదు. చైనా భిక్షువు ఇత్సింగ్ 671లో అక్కడికి చేరి, ఆరు నెలలు ఉండి సంస్కృత వ్యాకరణం అభ్యసించాడు. భారతదేశానికి వెళ్ళదలచిన చైనా భిక్షువులు ముందు శ్రీవిజయంలో ఒకటి రెండేళ్ళు ఉండి ఆచార నియమాలు నేర్చుకోవడం మేలని ఆయన సలహా ఇచ్చాడు. అక్కడి నుంచి తామ్రలిప్తికి వస్తూ దారిలో ఒక దీవిని చూశాడు. ప్రజలు పడవల్లో కొబ్బరికాయలు, అరటిపళ్ళు తెచ్చి ఇనుముకు మారకం అడిగిన ఆ దీవిని పండితులు నికోబార్‌గా గుర్తిస్తున్నారు.

ఇత్సింగ్ యాత్ర చేసిందే ప్రధానంగా వినయాచారం తెలుసుకోవడానికి. భారత విహారాలలో గురుశిష్యులు ఒకరిపట్ల ఒకరు ఎలా మెలగేవారో తన గ్రంథంలో ఒక అధ్యాయమే రాశాడు. తామ్రలిప్తిలోని విహారం గురించి చెబుతూ ఒక విశేషం నమోదు చేశాడు. సంఘాన్ని సంప్రదించకుండా తన ఇష్టానుసారం నిర్ణయాలు చేసి, కొందరిపట్ల పక్షపాతం చూపే భిక్షువును ‘కులపతి’ అని, అంటే గృహస్థుడిలా ఇంటి పెత్తనం చేసేవాడని నిందించి, విహారం నుంచి వెలివేసేవారట. అధికారి సద్గుణం వల్లనే సంస్థ బాగుపడుతుందని ఆ విహారం నమ్మలేదు. అధికారి కూడా లోబడే పద్ధతి ఉండాలని భావించింది. ప్రధానోపాధ్యాయుని గదిలో ఒక్కరి కోపతాపాలను బట్టి తీర్పులు వెలువడే పాఠశాలలో పిల్లలు నేర్చుకునేది నియమం కాదు, ఆ ఒక్కరి ముఖకవళికలు చదవడం. ఆ అధికారి బదిలీ అయిన రోజున అక్కడి క్రమశిక్షణ కూడా అదే ఓడలో వెళ్ళిపోతుంది.

చట్టం గీసిన గీత

విద్యా హక్కు చట్టం 2009లో ఆమోదం పొంది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని 17వ సెక్షన్ పిల్లలను శారీరకంగా దండించడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. ప్రాథమిక విద్య పూర్తయ్యేలోగా బడి నుంచి వెళ్ళగొట్టరాదని 16వ సెక్షన్ చెబుతున్నది. ఈ చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ వయస్సుకు పరిమితం కనుక ఎనిమిదో తరగతి దాటినవారికి వర్తించదని కొందరు వాదిస్తారు. బాలల న్యాయ చట్టం, 2015 లోని 75వ సెక్షన్ ఆ సందును మూసివేసింది. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలపట్ల వారి సంరక్షణలో ఉన్న పెద్దలు క్రూరంగా వ్యవహరించడం దాని ప్రకారం నేరం. అంతకు ముందే, 2000 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు పాఠశాలల్లో దేహదండనను అనుమతించే నియమాలను కొట్టివేసింది.

వినయ పాఠకులకు ఇందులో కొత్తదనం కనిపించదు. కోపంతో మరొక భిక్షువును కొట్టడం పాతిమొక్ఖంలో 74వ పాచిత్తియం. కొట్టబోతున్నట్లు చెయ్యి ఎత్తడం 75వది. చెయ్యి తగిలిందా లేదా అన్న వాదానికి తావు లేకుండా, ఎత్తిన చేతినే ఆపత్తిగా పరిగణించడం గమనార్హం. భయపెట్టడం కూడా దెబ్బే అన్న గుర్తింపు అందులో ఉంది.

చట్టం వద్దన్నది స్పష్టమే. బెత్తం పక్కన పెట్టిన తరువాత దాని స్థానంలో ఏం రావాలో చట్టం చెప్పలేదు. ఉపాధ్యాయుల గదుల్లో వినిపించే నిస్పృహకు మూలం ఇక్కడే ఉంది. బెత్తం పోయి, పద్ధతి రాకపోతే మిగిలేది కేకలు, అవమానాలు, ఉదాసీనత. ఆ ఖాళీని నింపడమే ప్రధానోపాధ్యాయుని పని.

నియమం ఎప్పుడు పుట్టాలి

వినయపిటకం ఆరంభంలో ఒక సంవాదం ఉంది. సంఘం చిరకాలం నిలవడానికి శిక్షాపదాలు విధించమని సారిపుత్తుడు కోరితే, ఇంకా సమయం రాలేదని బుద్ధుడు వారిస్తాడు. దోషానికి తావిచ్చే పరిస్థితులు సంఘంలో తలెత్తినప్పుడే నియమం వస్తుందంటాడు. అందుకే ప్రతి శిక్షాపదానికీ ఒక ఉదంతం ఉంది, దాన్ని విధించడానికి కారణాలు ఉన్నాయి. సంఘం సుఖంగా ఉండడం, సద్వర్తనులకు నెమ్మది కలగడం ఆ కారణాల్లోనివి.

పాఠశాల గోడ మీద నలభై నిషేధాల పట్టిక వేలాడుతుంటే దాన్ని ఎవరూ చదవరు. అమెరికాలో 1990ల నుంచి ఒరెగాన్ విశ్వవిద్యాలయ పరిశోధకుల కృషితో విస్తరించిన సానుకూల ప్రవర్తనా విధానం కూడా ఈ మాటే చెబుతున్నది. మూడు నుంచి ఐదు అంచనాలు చాలు. అవి ‘చేయవద్దు’ అని కాక ‘ఇలా చేద్దాం’ అని ఉండాలి. గణితం బోధించినట్లే వాటిని బోధించి, అభ్యాసం చేయించాలి. పాటించినప్పుడు గుర్తించి చెప్పాలి. ఉదాహరణకు ‘పరస్పర గౌరవం’ అన్న అంచనాకు తరగతి గదిలో అర్థం వేరు, జెట్టీ దగ్గర పడవ కోసం వరుసలో నిలబడినప్పుడు వేరు, మధ్యాహ్న భోజనం దగ్గర వేరు. ఒక్కొక్క చోట అది ఎలా కనిపిస్తుందో పిల్లలతోనే చెప్పించి, చేసి చూపించాలి. పక్షానికొకసారి ఉపోసథం నాడు భిక్షువులు పాతిమొక్ఖాన్ని పఠించేది అందులో కొత్త విషయం ఉన్నందున కాదు. కలిసి చేసిన నిర్ణయాన్ని కలిసి వింటేనే అది సజీవంగా ఉంటుంది. ఉదయపు ప్రార్థన సమావేశం ఉపదేశాల వల్లెవేతగా కాక ఆ పని చేయగలదు.

పొగాకు నమలడం వంటి అలవాట్ల విషయంలో నియమం పిల్లలకు మాత్రమే అయితే అది నిలవదు. విద్యాసంస్థలకు వంద గజాలలోపు పొగాకు అమ్మకాన్ని 2003 నాటి చట్టం నిషేధించింది. బడి గేటు ఎదుటి దుకాణంతో మాట్లాడడం, ఉపాధ్యాయులు తమ జేబులోని పొట్లాన్ని ఇంట్లోనే వదిలి రావడం, ఈ రెండూ జరిగిన తరువాతే విద్యార్థి సంచీ వెతకడానికి నైతికార్హత వస్తుంది.

సామణేరుల ఉదంతం

ఉన్నత పాఠశాలకు అత్యంత సన్నిహితమైన ప్రకరణం మహావగ్గంలో ఉంది. సామణేరులు భిక్షువులపట్ల అగౌరవంగా మెలగుతున్నారు. ఏం చేయాలన్న ప్రశ్నకు బుద్ధుడు దండకమ్మం విధించవచ్చునన్నాడు. అంటే కొన్ని చోట్లకు రానివ్వకుండా ఆవరణం పెట్టడం. భిక్షువులు ఆరామం మొత్తాన్నే నిషేధించారు. సామణేరులలో కొందరు వెళ్ళిపోయారు, కొందరు సంఘం విడిచారు, కొందరు అన్య తీర్థికులలో కలిశారు. అప్పుడు బుద్ధుడు, ఆరామమంతా మూయరాదు, అతడు నివసించే చోటో తిరుగాడే చోటో మాత్రమే నిషేధించాలి అన్నాడు. తరువాత భిక్షువులు ఆహారాన్ని నిషేధించారు. దాతలు గంజి తాగమని పిలిస్తే పిల్లలు రాలేమన్నారు. అన్నపానాలను ఆపరాదని మరో నియమం వచ్చింది. ఆ పైన ఛబ్బగ్గియ భిక్షువులు ఉపజ్ఝాయులకు చెప్పకుండా వారి సామణేరులను దండించారు. తమ పిల్లలు కనబడక ఉపజ్ఝాయులు వెతుక్కున్నారు. ఉపజ్ఝాయుణ్ణి అడగకుండా దండించరాదన్న నియమం అలా ఏర్పడింది.

ఈ మూడు సవరణలు నేటి పాఠశాలకు అక్షరాలా వర్తిస్తాయి. మొదటిది: సస్పెన్షన్ పేరుతో బడి మొత్తాన్ని మూయడం తప్పు చేసినవాణ్ణి సరిదిద్దదు, బడికి బయట ఉన్న మరొక గుంపుకు అప్పగిస్తుంది. తప్పు జరిగింది ఆటస్థలంలో అయితే కొంతకాలం ఆటస్థలానికి పరిమితి పెట్టవచ్చు, తరగతికి కాదు. రెండవది: భోజనం, నీళ్ళు, మరుగుదొడ్డి, ప్రయాణం వంటి ప్రాథమిక అవసరాలు దండనకు సాధనాలు కారాదు. ఆఖరి పడవ వెళ్ళిపోయే వేళ దాకా విద్యార్థిని ఆపి ఉంచడం దీవుల్లో భద్రతకే ముప్పు. మూడవది: ఆ విద్యార్థి బాగోగులు చూసే తరగతి ఉపాధ్యాయునికి, తల్లిదండ్రులకు తెలియకుండా ఏ చర్యా తీసుకోరాదు. రాహులుడి ప్రవ్రజ్య తరువాత శుద్ధోదనుడు వేదనతో కోరగా, తల్లిదండ్రుల అనుమతి లేనిదే బాలుణ్ణి చేర్చుకోరాదన్న నియమం వచ్చిందని ఇక్కడ గుర్తుచేసుకోవచ్చు.

అసలు ఎవరా ఉపజ్ఝాయుడు? ‘ప్రధానోపాధ్యాయుడు’ అన్న పదంలోని ‘ఉపాధ్యాయ’ శబ్దానికి పాలి రూపమే అది. శిష్యుణ్ణి కొడుకుగా చూడాలని, శిష్యుడు గురువును తండ్రిగా భావించాలని మహావగ్గం చెబుతుంది. శిష్యుడు జబ్బుపడితే గురువు సేవ చేయాలి. గురువుకు తప్పుడు దృష్టి కలిగితే దాన్ని తొలగించేందుకు శిష్యుడు ప్రయత్నించాలి. కర్తవ్యాలు రెండు వైపులా ఉన్నాయి. పెద్ద పాఠశాలలో వందలాది పిల్లలకు ప్రధానోపాధ్యాయుడు ఒక్కడే ఉపజ్ఝాయుడు కాలేడు. ప్రతి విద్యార్థికీ తనను పేరుతో ఎరిగిన, ఇంటి సంగతి తెలిసిన ఒక పెద్ద పాఠశాలలో ఉండేటట్లు ఏర్పాటు చేయడం ఆయన పని. ఇరవై మంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడు చొప్పున బాధ్యత పంచినా చాలు. వేటకు వెళ్ళిన తండ్రి రోజుల తరబడి రాని ఇంట్లో చిన్న తోబుట్టువులను చూసుకునే బాలిక రోజూ ఎందుకు ఆలస్యంగా వస్తున్నదో అప్పుడు ఎవరో ఒకరికి తెలుస్తుంది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత ఈ దీవుల పాఠశాలలు ఒక సత్యాన్ని కష్టంగా నేర్చుకున్నాయి. బిడ్డ ‘ఇలా ఎందుకు చేస్తున్నాడు’ అని అడిగే ముందు ‘ఇతనికి ఏమి జరిగింది’ అని అడగవలసి ఉంటుంది.

మాటతో కలిగే గాయం

రెండవ పాచిత్తియం ఓమసవాదానికి, అంటే కించపరిచే మాటకు సంబంధించినది. జన్మ, పేరు, గోత్రం, వృత్తి, శిల్పం, వ్యాధి, శరీర లక్షణం వంటి పది ఆధారాలతో ఒకరిని ఎత్తిపొడవడాన్ని వినయం ఒక్కొక్కటిగా పేర్కొని దోషంగా నిర్ణయించింది. కేవలం ‘దుర్భాష వద్దు’ అని ఊరుకోకుండా, ఏ ఏ మాటలు ఏ ఏ చోట గుచ్చుకుంటాయో విడమరచి చెప్పడం ఆ పాఠంలోని బలం.

భాషలు, కులాలు, వలస చరిత్రలు ఇంతగా కలిసిన దీవుల తరగతి గదిలో అవహేళనకు సరుకు కరవు లేదు. యాస, ఒంటి రంగు, చేపల వృత్తి, ‘మీ తాత ఖైదీ’ అనే ఎత్తిపొడుపు, ఆదివాసి ఆహారపు అలవాట్లు, ఏదైనా ఆయుధం కాగలదు. పిల్లల మధ్య దొమ్మీలుగా కనిపించేవి చాలాసార్లు ఇలాంటి మాటకు ఆలస్యంగా వచ్చిన జవాబులు. దెబ్బను మాత్రమే చూసి, దానికి ముందున్న మాటను చూడని విచారణ అన్యాయంగా ముగుస్తుంది. కనుక ప్రధానోపాధ్యాయుడు తన పాఠశాలలో చెలామణీలో ఉన్న ఎత్తిపొడుపులను ఎరిగి ఉండాలి. అవి ఎందుకు నొప్పిస్తాయో తరగతుల్లో చర్చకు పెట్టించాలి. మాధ్యమాల వారీగా విడిపోయిన సెక్షన్లను ఆటల్లోనూ, తోటపనిలోనూ, గ్రంథాలయంలోనూ కలపాలి. అన్నిటికంటే ముందు, ఉపాధ్యాయుల నోట ఆ మాటలు రాకూడదు.

తగవు తీర్చే ఏడు మార్గాలు

సంఘంలో పుట్టిన అధికరణాలను శాంతింపజేయడానికి వినయం ఏడు విధానాలు చెప్పింది. సమ్ముఖావినయం: సంబంధించినవారు ఎదుట ఉన్నప్పుడే విచారణ జరగాలి. సతివినయం: నిందపడిన నిర్దోషిని నిర్దోషిగా ప్రకటించాలి; దబ్బ మల్లపుత్తునిపై వచ్చిన అభాండం దీనికి ఉదంతం. అమూళ్హవినయం: మతి స్థిమితం లేని స్థితిలో జరిగిన దానికి బాధ్యుణ్ణి చేయరాదు. పటిఞ్ఞాతకరణం: ఒప్పుకున్న దాన్నిబట్టే చర్య. యేభుయ్యసిక: అధిక సంఖ్యాకుల నిర్ణయం. తస్సపాపియ్యసిక: మాటలు మార్చి తప్పించుకునేవారిపై చర్య. తిణవత్థారకం: ఇరుపక్షాలూ తప్పులు చేసి, తవ్వేకొద్దీ కలహం పెరిగేటప్పుడు గడ్డితో కప్పినట్లు కలిసి విడిచిపెట్టడం.

వీటిలో నాలుగు పాఠశాలకు నేరుగా పనికివస్తాయి. విద్యార్థి లేనప్పుడు అతని గురించి తీర్పు చేయరాదు. ఆరోపణ అబద్ధమని తేలితే, ఎంతమంది ముందు నింద వేశామో అంతమంది ముందు అది తప్పని చెప్పాలి. ఈ రెండవది పాఠశాలల్లో అరుదుగా జరుగుతుంది. దొంగతనం అంటగట్టిన పిల్లవాడి పుస్తకాల సంచీని అందరి ఎదుట దులిపి, పోయిన వస్తువు మరెక్కడో దొరికాక నిశ్శబ్దంగా ఊరుకుంటే, ఆ తరగతి మొత్తం న్యాయంపై నమ్మకం కోల్పోతుంది. మూడవది, బెదిరించి రాబట్టిన ఒప్పుకోలు ఒప్పుకోలు కాదు. నాల్గవది, రెండు గుంపుల దీర్ఘకాల కలహంలో మొదటి దోషి ఎవరన్న వెతుకులాట కంటే ఇద్దరికీ మర్యాద మిగిలే ముగింపు ముఖ్యం.

అయితే తిణవత్థారకానికి వినయమే హద్దు గీసింది. స్థూలమైన అపరాధాలు, గృహస్థులకు సంబంధించిన దోషాలు దాని కింద కప్పబడవు. ఈ హద్దు నేడు మరింత ఖచ్చితంగా పాటించవలసినది. పిల్లలపై లైంగిక నేరాలను 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. పాఠశాల పేరు నిలబెట్టడానికి అటువంటి విషయాన్ని లోపలే సర్దుబాటు చేయడం కరుణ కాదు, నేరం.

మందలించేవారికి చుల్లవగ్గం ఐదు షరతులు పెట్టింది: తగిన సమయంలో, సత్యంగా, మృదువుగా, ప్రయోజనం కలిగేటట్లు, మైత్రీ చిత్తంతో. కోపం చల్లారని ఉపాధ్యాయుడు మొదటి షరతు దగ్గరే ఆగిపోవాలి. మరునాటికి వాయిదా వేసిన మాట చాలాసార్లు పొదుపైన మాటగా మారుతుంది. బాలుడైన రాహులుణ్ణి ఉద్దేశించి, చేసే ముందు, చేసేటప్పుడు, చేసిన తరువాత అద్దంలో చూసుకున్నట్లు తన పనిని పరిశీలించుకోమని బుద్ధుడు చెప్పిన సుత్తం ఈ మృదుత్వానికి నమూనా. అశోకుడు తన భాబ్రూ శాసనంలో భిక్షువులు, ఉపాసకులు తరచుగా వినవలసినవిగా ఎంచిన ధర్మ పర్యాయాలలో రాహులోవాదం ఒకటి. విద్యార్థి చేత ‘నేను ఇంకెప్పుడూ చేయను’ అని వందసార్లు రాయించడం కంటే, ‘ఏం జరిగింది, ఎవరికి నొప్పి కలిగింది, దాన్ని సరిచేయడానికి ఏం చేస్తావు’ అన్న మూడు ప్రశ్నలకు ఆలోచించి జవాబు చెప్పించడం ఆ సుత్తానికి దగ్గరగా ఉంటుంది.

పవారణ: పెద్దలే మొదట అడగడం

వర్షావాసం ముగింపున జరిగే పవారణ సత్ప్రవర్తన సంస్కృతికి పునాదిరాయి వంటిది. ఆనాడు భిక్షువులు తమ తప్పుల గురించి ఎవరైనా చూసింది, విన్నది, అనుమానించింది ఉంటే చెప్పమని సంఘాన్ని ఒకరి తరువాత ఒకరు వేడుకుంటారు. ఆ వేడుకోలు అందరికంటే పెద్ద భిక్షువుతో మొదలవుతుంది. సామాన్య సంస్థల్లో విమర్శ పై నుంచి కిందికి ప్రవహిస్తుంది. పవారణ దాన్ని తిప్పి చూపించింది.

సంవత్సరంలో ఒకటి రెండుసార్లు ప్రధానోపాధ్యాయులు ఉపాధ్యాయుల ఎదుట, విద్యార్థి ప్రతినిధుల ఎదుట, తల్లిదండ్రుల ఎదుట ఇదే ప్రశ్న వేయగలిగితే పాఠశాల వాతావరణం మారుతుంది. ఏ చోట భయం వేస్తున్నది, ఏ నియమం అన్యాయంగా తోస్తున్నది, ఎవరి మాట వినబడడం లేదు? పేరు రాయనక్కరలేని చీటీల ద్వారా అడగవచ్చు. వచ్చిన జవాబులలో ఒకటి రెండింటినైనా బహిరంగంగా అంగీకరించి సరిదిద్దాలి. లేకుంటే మరుసటి ఏడాది చీటీలు ఖాళీగా వస్తాయి.

ఉపాధ్యాయుల ఐక్యత కూడా ఇక్కడే పరీక్షకు నిలుస్తుంది. కోసంబిలో వినయధరుడికీ ధర్మకథికుడికీ మధ్య మరుగుదొడ్డి పాత్రలో మిగిలిన నీటి విషయమై పుట్టిన పేచీ, ఇద్దరి శిష్యగణాలను కూడా చీల్చిందని అట్ఠకథ చెబుతుంది. ఉపాధ్యాయుల గదిలోని వర్గాలు తరగతుల్లో విద్యార్థుల వర్గాలుగా రూపుదాల్చడానికి ఎక్కువ కాలం పట్టదు.

పోలికకు హద్దులు

విహారానికీ పాఠశాలకూ మధ్య ఉన్న భేదాలను విస్మరించరాదు. భిక్షువు తన ఇష్టంతో సంఘంలో చేరతాడు, విడిచి వెళ్ళగలడు. దీవిలోని విద్యార్థికి ఆ ఎంపిక లేదు. అధికారం మీద ఇంకా కఠినమైన హద్దులు ఉండవలసిన కారణం అదే. రెండవది, పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధ చేయరాదని రాజ్యాంగం 28వ అధికరణం నిర్దేశించింది. ఇక్కడ గ్రహించవలసింది సంస్థను నడిపే పద్ధతిని మాత్రమే, విశ్వాసాన్ని కాదు. క్రైస్తవులైన నికోబారీ, కరెన్ పిల్లలు, హిందువులు, ముస్లిములు కలిసి చదివే చోట ఎదుటివాడు లేకుండా తీర్పు చెప్పకూడదన్న సూత్రానికి ఏ మతపు ముద్రా అవసరం లేదు. మూడవది, నికోబారీ ఉమ్మడి కుటుంబ వ్యవస్థ అయిన తుహేత్, గ్రామ పెద్దల మండలి వంటి స్థానిక సంప్రదాయాలకు తమవైన రాజీ పద్ధతులు ఉన్నాయి. పాలి గ్రంథం తెరవడానికి ముందు ప్రధానోపాధ్యాయుడు ఆ పెద్దల వద్ద కూర్చోవడం ఉచితం.

ఆచరణ క్రమం

ఈ చర్చ సారాన్ని కొత్తగా బాధ్యత చేపట్టిన ప్రధానోపాధ్యాయునికి ఒక సంవత్సరపు క్రమంగా చెప్పవచ్చు. మొదటి నెల చూడడానికి, వినడానికి. తగవులు ఏ వేళ, ఏ చోట, ఏ మాటతో మొదలవుతున్నాయో రాసిపెట్టుకుంటే, చాలావరకు అవి కొన్ని చోట్లకే పరిమితమని తేలుతుంది. ఒక నడవాలో ఒక ఉపాధ్యాయుడు నిలబడితే తీరే సమస్యకు వందమందికి ఉపన్యాసం అక్కరలేదు. రెండవ నెల అందరితో కలిసి నాలుగైదు అంచనాలను నిర్ణయించడానికి. ఆ పైన వాటిని బోధించడానికి, పాటించినవారిని గమనించి చెప్పడానికి. తరచుగా తప్పటడుగు వేసే కొద్దిమందికి ఒక పెద్ద తోడు, మరీ కొద్దిమందికి ఇంటివారు, వైద్యుడు, సలహాదారు కలిసిన ప్రత్యేక శ్రద్ధ. సంవత్సరాంతంలో పవారణ. బదిలీ ఉత్తర్వు వచ్చినప్పుడు, తరువాత వచ్చేవారికి అప్పగించవలసిన దస్త్రాలలో ఈ నిర్ణయాలు, వాటి వెనుక ఉన్న ఉదంతాలు కూడా ఉండాలి. వినయపిటకం నియమాన్ని ఉదంతంతో సహా భద్రపరచబట్టే అది ఎందుకు పుట్టిందో ఇన్ని శతాబ్దాల తరువాత కూడా తెలుస్తున్నది.

భిక్షువులకు, వారసత్వ పరిశోధకులకు కూడా ఇందులో పని ఉంది. నాగార్జునకొండలో, అమరావతిలో తవ్వి తీసిన విహార అవశేషాలలో గదుల కొలతలు, మండపాల స్తంభాల లెక్క తేలింది. ఆ గదుల్లో కలిసి బతికినవారు తమ తగవులు ఎలా తీర్చుకున్నారో చెప్పే ఖంధకాలు తెలుగు ఉపాధ్యాయునికి సులభంగా అందుబాటులోకి రావలసి ఉంది. సామణేరుల ప్రకరణం, ఏడు అధికరణ సమథాలు, పవారణ ఖంధకం, ఈ మూడింటినీ సరళమైన తెలుగులో, చిన్న వ్యాఖ్యతో సిద్ధం చేసి దీవుల్లోని తెలుగు మాధ్యమ పాఠశాలలకు పంపగలిగితే, ‘శిక్ష’ అన్న మాట తన పాత అర్థాన్ని తిరిగి పొందడానికి అది మొదటి అడుగవుతుంది.